కుడివైపు కిటికీ

రాస్మస్‌కి గోడల మీద కాగితాలు అంటించడమంటే మహా సరదా. హెల్సింకీ నుంచి ఈ ఉత్తరపు కొస విమానాశ్రయానికి మేనేజరుగా వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఒక్క బోల్టు బిగించిన పాపాన పోలేదు గానీ, హ్యాంగరు గోడల మీద అరచేతి మేర ఖాళీ లేకుండా చేశాడు. చేతులు కడుక్కోమని ఒక కాగితం, నవ్వుతూ పలకరించుకోమని ఒక కాగితం, ఎవరి కాఫీ కప్పు వాళ్ళే కడుక్కోమని ఇంకో కాగితం. ప్రతిదానికీ ఒక మూల మంచుబొమ్మ, బొటనవేలు పైకెత్తి నవ్వుతూ ఉంటుంది. మంచుబొమ్మకి బొటనవేలెక్కడిదని హిల్క ఒకసారి అడిగింది. అతను నవ్వలేదు. నవ్వుతూ పలకరించుకోమన్న కాగితం సరిగ్గా అతని తల వెనకే ఉంది.

హిల్క ముప్పై ఏళ్ళుగా అక్కడ మెకానిక్కు. విమానం రాత్రంతా బయట మంచులో పడుంటుంది. పొద్దున్నే వెళ్ళి తోకలో ఉండే చిన్న ఇంజిన్ వేసి, ప్రయాణికులు వచ్చేలోగా లోపలంతా వెచ్చబరచడం ఆమె పని. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉంటే సీట్లు కూడా చెక్కల్లా బిగుసుకుని ఉంటాయి. విమానం తయారుచేసినవాళ్ళ పుస్తకం ప్రకారమైతే తోక దగ్గర గాలి బయటికి పోయే వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచి వేడిగాలి వదలాలి. అలా చేస్తే వేడి వచ్చింది వచ్చినట్టే తోకలోంచి పోతుంది, కేబిన్ వెచ్చబడేసరికి గంటంబావు పడుతుంది. ఆ పుస్తకం రాసినవాడు ఏ వెచ్చటి ఊళ్ళోనో కిటికీ పక్కన కూర్చుని రాసి ఉంటాడు.

అందుకని ఇక్కడివాళ్ళు ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. కాక్‌పిట్‌లో స్విచ్చి తిప్పి వాల్వ్ మూసేస్తారు. మూసేస్తే గాలి పోయే దారిలేక లోపల బిగుసుకుంటుంది కనక, కాక్‌పిట్ కుడివైపు కిటికీని పిడికిలి పట్టేంత తెరిచి ఉంచుతారు. వాల్వ్ మూస్తే కిటికీ తియ్యాలి, కిటికీ మూస్తే వాల్వ్ తియ్యాలి. పని నలభై నిమిషాల్లో తెమిలిపోతుంది. ఏ పుస్తకంలోనూ ఈ సంగతి లేదు, తెలియనివాళ్ళు మాత్రం హ్యాంగరులో ఎవరూ లేరు.

విమానాలు టైముకి కదులుతున్నాయని రాస్మస్ ఒక ఆకుపచ్చ బోర్డు పెట్టించాడు. నూటికి తొంభై ఎనిమిది అని దాని మీద రాశాడు. పైవాళ్ళు అతనికి ఒక కేకు పంపారు. అది తిని, ఆ తొంభై ఎనిమిది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దామని కాబోలు, రెండేళ్ళలో మొదటిసారి కాక్‌పిట్ ఎక్కాడు. కుడివైపు కిటికీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"వేడంతా ఇలా బయటికి పోతోందేంటి?"

"పోవాలి కాబట్టి," అంది హిల్క. "కిటికీ మూస్తే వాల్వ్ తియ్యాలి. వాల్వ్ తీస్తే గంటంబావు పడుతుంది. నీ బోర్డు మీద తొంభై ఎనిమిది ఉండదు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"అవన్నీ నాకెందుకు చెప్తావు హిల్కా? కిటికీ మూసుండాలి, విమానం టైముకి కదలాలి. ముప్పై ఏళ్ళ అనుభవం నీది, ఆమాత్రం చూసుకోలేవా?"

మర్నాడు కాఫీ గది తలుపు పక్కన కొత్త కాగితం వెలిసింది. 'వేడి చేసేటప్పుడు కాక్‌పిట్ కిటికీలు మూసి ఉంచండి. ప్రతి డిగ్రీ మనదే!' కింద మంచుబొమ్మ.

నెల రోజులు ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు, కిటికీ ఎప్పట్లాగే తెరిచారు. ఆ మంగళవారం పొద్దున సున్నాకి ముప్పై ఒకటి కింద. హిల్క స్విచ్చి తిప్పి వాల్వ్ మూసింది. అలవాటుగా చెయ్యి కిటికీ మీదికి పోయింది. పోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందురోజే రాస్మస్ కింద నిలబడి, కిటికీ తెరిచుందా లేదా అని మెడ సారించి చూసి వెళ్ళాడు. పది నిమిషాల్లో వచ్చి వాల్వ్ తెరిచేద్దాంలే అనుకుంది. గాలి అంతలో ఎంతని పేరుకుంటుంది? వెనక తలుపు నుంచి దిగి, తలుపు బిగించి, కాఫీకి వెళ్ళింది. ఎనిమిదింటి కాఫీ ఆమె ఎప్పుడూ తప్పించలేదు. ఆ రోజు కాఫీ గదిలో తోటి మెకానిక్కు ఉర్హో తన మోకాలి ఆపరేషన్ కథ ఎత్తుకున్నాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి.

విమానంలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు ఆ రోజు ముందే వచ్చి రెక్క కింద గెంతుతూ నిలబడ్డారు. మెట్ల బండి నడిపే తౌనో వాళ్ళని చూశాడు. ఎప్పటికన్నా ముందే బండి తెచ్చి ముందు తలుపుకి ఆనించి, పైకెక్కాడు. లోపల గాలి బిగిసి ఉంటే తలుపు అద్దంలో చిన్న ఎర్రదీపం వెలగాలి. అద్దం నిండా మంచు పేరుకుని తెల్లగా ఉంది. పిడి ఎత్తబోతే కదల్లేదు. ఇంకో ఊళ్ళో ఇంకో మనిషైతే, పిడి కదలకపోతే ఎందుకు కదల్లేదా అని ఆగుతాడేమో. ఇక్కడ చలికాలంలో కదిలే పిడి ఒక్కటీ ఉండదు. కారు తలుపైనా, ఇంటి గేటైనా భుజం పెట్టి తియ్యవలసిందే. తౌనో పిడి కింద భుజం పెట్టి ఎత్తాడు.

పెద్ద లారీ టైరు పేలినట్టు చప్పుడు కాఫీ గదిలోకి వినిపించింది. ఆ తలుపు మీద లోపలి గాలి మోపిన బరువు చిన్న కారంత ఉంటుందని తర్వాత లెక్క కట్టారు. తలుపు తౌనోని మెట్ల బండి కమ్మీ మీదుగా ఎత్తి, మూడు మీటర్ల కింద గడ్డకట్టిన నేల మీద పడేసింది.

హిల్క పరిగెత్తింది. తౌనో పక్కకి ఒరిగి పడున్నాడు. ఒక అమ్మాయి తన కోటు తీసి అతని మీద కప్పుతోంది. హిల్క అతని కాళ్ళ దగ్గర నుంచి దాటుకుని, మెట్లెక్కి, కాక్‌పిట్‌లోకి వెళ్ళి వాల్వ్ తెరుచుకునేలా స్విచ్చి తిప్పింది. తిప్పాకనే కిందికొచ్చి తౌనో పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. 'భయపడకు, నేనొచ్చా' అంది. అన్నాక ఆ మాట నోట్లో చేదుగా అనిపించింది.

రాస్మస్ కోటు కూడా లేకుండా వచ్చాడు. పైకెళ్ళి కాక్‌పిట్ అంతా చూశాడు. స్విచ్చి చూశాడు, కుడివైపు కిటికీ చూశాడు, దిగొచ్చి హిల్క మొహం చూశాడు.

"అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి," అంది హిల్క.

బుధవారం పొద్దున కాఫీ గది తలుపు పక్కన కాగితం లేదు. దాన్ని అంటించిన టేపు ముక్కలు మాత్రం నాలుగు మూలలా మిగిలాయి. రాస్మస్ ఏ పనీ పూర్తిగా చెయ్యడు, చింపడం కూడా.

"ఇక్కడ కాగితం ఏమైంది?" అని ఉర్హోని అడిగింది.

"ఏ కాగితం?"

"కిటికీ కాగితం ఉర్హో. నెల రోజుల్నుంచీ దాని కింద కూర్చునే కదా తాగుతున్నావు."

ఉర్హో కప్పులోకి చూశాడు. "ఇన్ని కాగితాలుంటాయి, ఏదని గుర్తుంటుంది? నాకు ఇంకో పద్నాలుగు నెలలే సర్వీసు, హిల్కా. నా మోకాలి సంగతి నీకు తెలుసు కదా."

తెలియకపోవడమేం, నెల రోజుల్నుంచి దాని కథే వింటోంది. అంత కష్టపడి బాగుచేయించుకున్న మోకాలితో లేచి నిలబడే ఉద్దేశం అతనికి లేదు. అతన్ని నాలుగు దులుపుదామని నోరు తెరిచింది. తను మాత్రం ఎవరితో ఏం చెప్పిందని? లేచి కప్పు కడుక్కుంది.

గురువారం కనక, అక్కడి ఆనవాయితీ ప్రకారం, క్యాంటీన్‌లో బఠాణీ సూపు, ఆ తర్వాత పాన్‌కేక్. రాస్మస్ పళ్ళెం పట్టుకుని వచ్చి హిల్క ఎదురుగా కూర్చున్నాడు. అతను మామూలుగా తన గదిలోనే తింటాడు. సూపు మీద ఆవాల ముద్ద ఒక చక్కటి గీతలా పిండుకుని, దాన్ని కలపకుండానే కాసేపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఒక కాగితం బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

'వేడి చేసే పని పుస్తకం ప్రకారమే జరిగింది. వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంది. చేత్తో వాల్వ్ మూసే అలవాటు ఈ హ్యాంగరులో ఎవరికీ లేదు. మెట్ల బండి నడిపే తౌనో ఎర్రదీపం చూసుకోకుండా తలుపు బలవంతంగా తెరిచాడు.' కింద ఆమె పేరు, సంతకానికి గీత. ఈ కాగితం మీద మంచుబొమ్మ లేదు.

"వాల్వ్ తెరిచుంటే అంత గాలి ఎక్కడినుంచి వచ్చింది?"

"మంచుకి బిగుసుకుపోయి ఉంటుంది. వాతావరణం మన చేతిలో ఉందా? కానీ దీపం చూసుకోవడం అతని చేతిలో ఉంది."

"అద్దం కనబడలేదు రాస్మస్. మంచు కప్పేసింది."

"గీక్కోవాలి. ఎంతసేపు పని అది?" చెంచా తీసుకున్నాడు. "నీ గురించే ఆలోచిస్తున్నా హిల్కా. తలుపుల భద్రత మీద అందరికీ శిక్షణ పెడదామనుకుంటున్నాను. నువ్వే చెప్పాలి. నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

ఆ ఆఖరి మాట అంటూ ఆమె కుడిచెయ్యి చూశాడు, స్విచ్చి తిప్పిన చెయ్యి. హిల్కకి అసహ్యం వేసింది. ఈ మనిషికి వాల్వ్ అంటే ఏంటో తెలియకపోవచ్చు గానీ, ఎవరి చెయ్యి ఎక్కడుందో బాగా తెలుసు. ఆ కాగితాన్ని అతని సూపులో ముంచితే బాగుండునని ఆమెకి అనిపించింది. ముంచలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది.

"సోమవారం ఇస్తా."

"ప్రమాదం మీద విచారణ చేసే ఆవిడ కూడా సోమవారమే వస్తోంది. ఆలోగానే ఇవ్వు," అన్నాడు. తర్వాత జామ్ వేసుకుని పాన్‌కేక్ రెండోసారి కూడా తిన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది. తౌనోకి నడుం దగ్గర ఎముక విరిగింది, మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. మంచం మీద అతను ఎప్పటికన్నా చిన్నగా కనిపించాడు. ఆమెని చూడగానే లేవబోయి, వల్లకాక తల మాత్రం ఎత్తాడు.

"తలుపు వంకర పోయిందా?"

"లేదు," అని అబద్ధం చెప్పింది. కీలు పూర్తిగా మెలిపడి, తలుపు ఊడదీసి హ్యాంగరు మూల నిలబెట్టి ఉంది.

"బతికించావు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తలుపు మీద గీత పడనివ్వలేదు నేను. ఏం తొందరొచ్చిందో చూడు నాకు. ఆ పిల్లలు గజగజ వణుకుతుంటే చూళ్ళేకపోయా. పిడి రావట్లేదంటే ఆగాలి కదా. గాడిదలా భుజం పెట్టాను."

"తౌనో..."

"నువ్వేం బాధపడకు. విచారణవాళ్ళకి రాసిచ్చేశా, తప్పు నాదేనని. హిల్క ఉంది కదా, తనకి తెలియకుండా గాలి ఎలా ఉంటుంది, నేనే దీపం చూళ్ళేదు అని రాశా." పక్క బల్ల మీదున్న చాక్లెట్ డబ్బా గడ్డంతో చూపించాడు. "తీసుకో. రాస్మస్ తెచ్చాడు. స్వయంగా వచ్చాడు పాపం. డబ్బా పెట్టి, నా కార్డు పట్టుకెళ్ళాడు."

"కార్డా?"

"కంచె లోపలికి వచ్చే కార్డు. విచారణ అయ్యేదాకా అన్నాడు. అయ్యాక మాత్రం ఇస్తారా? ఎముకలు అతుక్కుంటాయి హిల్కా. కార్డు లేకపోతే మాత్రం కంచె అవతల పిల్లలతో నిలబడి విమానాలు చూడాల్సిందే." నవ్వబోయాడు, నడుం నొప్పెట్టి ఆపేశాడు. "తిను, తిను. లోపల కమలాపండు రసం ఉంటుంది."

ఏదో ఒకటి చెయ్యాలి కనక ఆమె ఒకటి తీసి నోట్లో వేసుకుంది. చెప్పాలనుకున్న మాట ఆ తీపి కింద ఉండిపోయింది. రాస్మస్ డబ్బా పెట్టి కార్డు తీసుకున్నాడు, ఉర్హో మోకాలు అడ్డం పెట్టుకున్నాడు, తను చాక్లెట్ నములుతోంది. ముగ్గురిలో తనే హీనమనిపించింది. వాళ్ళిద్దరూ కనీసం తౌనో కాళ్ళ దగ్గర నుంచి దాటి వెళ్ళలేదు.

సోమవారం విచారణావిడ వచ్చింది. పేరు సైమి, పొట్టి మనిషి, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీ. రాస్మస్ ఆమెకి తన గదిలో కుర్చీ వేసి, కాఫీ పోసి, దాల్చిన చెక్క బన్ను పెట్టి, గోడ మీద బాణం గుర్తులున్న పటం ఒకటి చూపించి అరగంట మాట్లాడాడు. హిల్క తలుపు పక్కన నిలబడి వింటోంది, సంతకం పెట్టాల్సిన కాగితం ఇంకా ఆమె జేబులోనే ఉంది. వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నాడు. మా వాళ్ళు పుస్తకం దాటి వేలు కూడా కదపరన్నాడు. తలుపు తియ్యడం తేలికైన పనేనన్నాడు, కళ్ళుండి దీపం చూసుకుంటే చాలట.

"తియ్యడం ఒకసారి చూడొచ్చా?" అంది సైమి.

"నేను ఏర్పాటు చేస్తా," అంది హిల్క. ఆ గదిలోకి వచ్చాక ఆమె మాట్లాడడం అదే మొదలు.

అదే రకం ఇంకో విమానం బయట ఉంది. హిల్క ఒక్కతే లోపలికి వెళ్ళి, చేసే పనులు చేసి, వెనక తలుపు నుంచి దిగి, తలుపు బిగించింది. చిన్న ఇంజిన్ నలభై నిమిషాలు గుర్రుమంటూ తిరిగింది. ఆ తర్వాత మెట్ల బండి ముందు తలుపుకి ఆనించి, ముగ్గురూ పైకెక్కారు. ఉర్హో కింద చక్రాల దగ్గర నిలబడ్డాడు. తలుపు అద్దం తెల్లగా ఉంది.

"రాస్మస్, నువ్వే తియ్యి," అంది హిల్క.

"నేనా? ఇది మెట్ల పనివాళ్ళది కదా."

"తేలికైన పనేనన్నావుగా. ఆవిడకి చూపించు."

రాస్మస్ నవ్వి సైమి వైపు చూశాడు. సైమి నవ్వలేదు, నోటు పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. అతను మెడలో వేలాడే కార్డు తీసి దాని అంచుతో అద్దం గీకాడు. పైమంచు రాలింది. లోపలి వైపు మంచు అలాగే ఉంది. ఇంకా గీకాడు. కార్డు మూల వంగింది.

"దీపం కనపడుతోందా?" అంది సైమి.

"ఇక్కడినుంచి సరిగ్గా... కొంచెం..."

"తౌనోకీ ఇంతే కనపడింది," అంది హిల్క. "తియ్యి."

అతను చేతితొడుగు సరిచేసుకుని పిడి మీద చెయ్యి వేశాడు. కొంచెం ఎత్తాడు. పిడి బిగిసి ఉంది. చలికి అన్ని పిడులూ బిగిసే ఉంటాయి. చటుక్కున చెయ్యి తీసేసి, ఒక మెట్టు కిందికి దిగి, కమ్మీ పట్టుకున్నాడు. మొహం అద్దంలాగే తెల్లబడింది.

"కిటికీ తెరిచావా?" అన్నాడు.

హిల్క పిడి కేసి చూసింది.

"హిల్కా, కుడివైపు కిటికీ తెరిచావా లేదా?" ఈసారి అరిచాడు.

"ఏ కిటికీ?" అని సైమి మెల్లగా అడిగింది. "వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉంటుందని కదా అన్నారు రాస్మస్ గారూ. వాల్వ్ తెరిచుంటే మీకు కిటికీతో పనేంటి?"

రాస్మస్ నోరు తెరిచాడు. రెండేళ్ళలో గోడల నిండా అన్ని మాటలు అంటించినవాడికి ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"తెరిచే ఉంది," అంది హిల్క. "పిడికిలి పట్టేంత. ఎప్పుడూ తెరిచేంత." అతన్ని తప్పించి ముందుకొచ్చి పిడి కింద భుజం పెట్టి ఎత్తింది. మంచు పెళుక్కుమంది. తలుపు ఇంట్లో బీరువా తలుపులా నెమ్మదిగా వచ్చింది. లోపలి వెచ్చదనం ముగ్గురి మొహాలకీ తగిలింది.

"ఇవాళ వాల్వ్ మూసి కిటికీ తెరిచాను," అని సైమితో చెప్పింది. "మంగళవారం రెండూ మూశాను. కిటికీ ముయ్యమని గోడ మీద కాగితం ఉండేది, ఇప్పుడు లేదు. కాగితం ఉన్నా లేకపోయినా మూసిన చెయ్యి నాది. తౌనో కింద పడుంటే అతన్ని దాటుకుని వెళ్ళి స్విచ్చి మార్చిందీ నేనే. అతనికి ఇదేం తెలీదు. తప్పు తనదేనని రాసిచ్చాడు. అది నమ్మకండి."

"హిల్కా," అన్నాడు రాస్మస్ గొంతు తగ్గించి, "నీ లైసెన్సు పోతుంది. ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఆరు రోజులు ఆలస్యంగా తెలిసింది."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. కమ్మీ మీద పెట్టి సాపు చేసి, వెనక్కి తిప్పింది. వెనక వైపు ఖాళీగా ఉంది. పెన్ను తీస్తే సిరా గడ్డకట్టి రాయలేదు. సైమి తన పెన్సిలు ఇచ్చింది. హిల్క తొడుగు విప్పి, ముందు తన పేరు రాసి, దాని కింద మంగళవారం అని రాసింది. కింద ఉర్హో బూట్లతో మంచు తంతూ విమానం చక్రం కేసి చూస్తున్నాడు. అతని మోకాలు బాగానే పనిచేస్తోంది.

రాస్మస్ ఇంకా కమ్మీ పట్టుకునే ఉన్నాడు. వంగిన కార్డు అతని చేతిలోనే ఉంది.

"నువ్వు దిగు," అంది హిల్క రాయడం ఆపకుండానే. "దిగి, నీ గదికి వెళ్ళి తౌనో కార్డు పట్టుకురా. సాయంత్రం ఆసుపత్రికి వెళ్తున్నా. తలుపు సంగతి కూడా చెప్పాలతనికి, మొన్న అబద్ధం చెప్పాను."

రాస్మస్ సైమి వైపు చూశాడు. ఆవిడ దారి ఇవ్వడానికి కొంచెం పక్కకి జరిగింది. అతను ఒక్కొక్క మెట్టే దిగి, కోటు గుండీలు పెట్టుకుంటూ ఆఫీసు వైపు నడిచాడు.